చలనచిత్ర నిర్మాత రఘుపతి వెంకయ్యగారు

సినీమాలను గూర్చి ప్రస్తావన వచ్చినపుడు మన బాలబాలికలు నటీనటుల పేరులను గుక్క తిప్పుకొనక వల్లింతురు. దర్శకుల పేరులు కొందఱికి దెలియును. నిర్మాత యనగా నెవ్వరు, ఆతడు చేయు పని యెట్టిది అని యడిగినచో మాత్రము ఒకరి మొగ మొకరు చూచుకొందురు. తల్లిదండ్రులలోను పలువురకు నిర్మాత యన్న డబ్బు గలవా డనియే తలంపు. కావున ముందుగా నా మాటను విప్పి చెప్పి, పిమ్మట నీ బందరు పట్టణమున పుట్టి ఆ వృత్తికి తెలుగువారిలో త్రోవ తీసిన యొక పెద్దమనుష్యుని చరిత్రము వ్రాయుదుము.

మన డెల్టా పరిభాషలో చెప్పవలెనన్న, నిర్మాత రైతువంటివాడు. దుక్కి మొదలు నూర్పిడి వఱకు పెట్టుబడి యాతనిది. ధాన్యమును కొని యూరూరికి చేర్చు వర్తకుని వంటివాడు పంపిణీదారు. అంగడి తెఱచి కొలిచి యమ్మువాడు ప్రదర్శనశాల యజమాని. పంట పోయినను కూలివానికి కూలి యియ్యక తప్పదు, మునుగువాడు రైతు. అటులనే చిత్రము తీసిన వారందఱికిని జీతములు ముట్టిన పిదప, ప్రజలు చూచినచో లాభము, చూడనిచో అప్పు నిర్మాతకు మిగులును. నేడీ మూడు వృత్తులును వేర్వేఱు చేతులలో నున్నవి. మొట్టమొదట వీనిని మూడింటిని తా నొక్కడే నెత్తికెత్తుకొనిన తెలుగువాడు రఘుపతి వెంకయ్యనాయుడుగారు.

వెంకయ్యగారు 1869వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. అప్పటి బందరెట్టిదో యించుక చెప్పవలసి యున్నది. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేది రాత్రి వచ్చిన ఉప్పెనలో ఈ పట్టణమునను, పరిసరములందును ముప్పదివేల ప్రాణములు పోయినట్లు లెక్క. 1977 నవంబరు 19వ తేదీ నాటి దివిసీమ ఉప్పెనను కన్నులార చూచిన పెద్దలకు ఆ సంగతి వేఱుగ వర్ణింప నక్కఱలేదు. డచ్చివారును ఆంగ్లేయులును కోటలు కట్టి వర్తకము చేసిన రేవు ఆ దెబ్బతో మఱింత దిగజారెను. ఆ యుప్పెనకు అయిదేండ్ల తరువాత పుట్టిన బాలుడు వెంకయ్య. పాడుబడిన యిండ్ల నడుమ పెరిగిన ఆ తరమువారిలో చేతి విద్య గలవారికి బయటి పట్టణములే దిక్కయ్యెను.

ఈ బాలుని చేతి విద్య బొమ్మలు వేయుట, బొమ్మలు చేయుట. పదునేడవ యేట, అనగా 1886లో, తాను వ్రాసిన చిత్తరువులను చేతబట్టుకొని చెన్నపట్టణమునకు పోయెను. అప్పటికి బెజవాడనుండి చెన్నపురికి రైలు లేదు. అది 1899లో గాని రాలేదు. బందరునకే 1908 వఱకు రైలు లేదు. కాలువ పడవయో, బండిబాటయో, సముద్రపు టోడయో తప్ప వేఱు దారి లేని రోజులలో, బొమ్మలు వేయుట కూడు పెట్టునా యని యెవ్వరైన నడుగదగిన కాలమున నాతడు బయలుదేరెను. ఆ ప్రశ్న నేటికిని మన యిండ్లలో వినవచ్చుచునే యున్నది. లెక్కల పుస్తకము అంచున బొమ్మ గీసిన పిల్లవానిని మందలించునపుడు మా యుపాధ్యాయులు గూడ వెంకయ్యగారిని ఒక్క క్షణము తలంచుకొనుట మంచిది.

చెన్నపట్టణమున ఆయన ప్రతిమలు చేసియు, చిత్రములు వ్రాసియు విక్రయించుచు జీవనము సాగించి, తరువాత ఫోటోగ్రాఫు విద్యను నేర్చి, మౌంటురోడ్డున సొంత స్టూడియో పెట్టిరి. నాటి ఫోటోలు గాజుపలకలపై తీయబడెడివి. నలుపు తెలుపుల పటమునకు కావలసినవారు చేతితో రంగులు వేయించుకొనెడివారు. చిత్రకారుడైనవానికి ఆ వృత్తి యెట్లు కలిసివచ్చునో చదువరులే యూహింతురు గాక. నలుబదియేండ్లు నిండునప్పటికి వెంకయ్యగారు రాజధానీ నగరపు ప్రధానవీథిలో స్థిరపడిన గృహస్థు. అక్కడితో తృప్తిపడి యుండినచో సుఖముగ జీవితము వెళ్లియుండెడిది. మేమీ వ్యాసము వ్రాయవలసిన పనియు నుండెడిది కాదు.

1909వ సంవత్సరమున ఆయన దృష్టి క్రోనోమెగాఫోను అను యంత్రముపై పడెను. ఇది ఫ్రాన్సు దేశమున గోమో కంపెనీవారు నిర్మించినది. తెఱపై బొమ్మ కదలుట అప్పటికి క్రొత్త గాదు. లూమియేరు సోదరులు 1895 డిసెంబరులో పారిసునందును, వారి మనుష్యులు 1896 జూలైలో బొంబాయియందును చూపిరి. 1897లో చెన్నపట్టణపు విక్టోరియా పబ్లికు హాలునను అట్టి ప్రదర్శనము జరిగెను. క్రోనోమెగాఫోను విశేషమేమనగా, బొమ్మతోపాటు పాటయు, మాటయు వినిపించును.

ఈ యంత్రపు కీలును విద్యార్థులకు విశదముగ చెప్పవలెను. ఫిల్ములో నొక అడుగు పొడవునకు పదునాఱు బొమ్మలుండును. ఆ కాలమున సెకండునకు పదునాఱు బొమ్మలచొప్పున త్రిప్పుట వాడుక గనుక, సెకండున కొక అడుగు నడచును. విడివిడి బొమ్మలు అంత వడిగ మాఱుటచే మన కన్నును, మెదడును కలిసి వానిని ఒక్క చలనముగ గ్రహించును. ఇది బొమ్మ సంగతి. ధ్వనియన్ననో, వేఱుగ గ్రామఫోను పళ్లెముపై నుండెను. పళ్లెమును త్రిప్పు విద్యుత్తు మోటారును, ఫిల్మును త్రిప్పు మోటారును ఒకే ప్రవాహముతో నడిపించి, రెండును ఒకే వేగమున పోవునట్లు చేసిరి. ఒకటి ముందు వెనుకలైనచో చూపుటకు ముల్లుగల పలక యొకటి. సరిదిద్దుటకు పిడి యొకటి. గ్రామఫోను కొమ్ము ధ్వని పెద్దశాలకు చాలదు. నేటి విద్యుద్ధ్వనివర్ధకములు నా డింకను పుట్టలేదు. కావున ముల్లు కదలికతో తెఱచి మూయబడు కవాటముగుండ ఒత్తిడి గాలిని కొమ్ములోనికి పంపి శబ్దమును హెచ్చించిరి. మెగాఫోను అను పేరు అందులకే.

ఇందులో నొక చమత్కారము గలదు. కెమేరా యెదుట పాడించి ధ్వని పట్టుట కాలేదు. ముందుగ పళ్లెముపై పాట నెత్తి, తరువాత నా పళ్లెమును వినిపించుచు నటుల చేత పెదవులు కదిలింపజేసి బొమ్మ తీసిరి. నేడు మన సినీమా పాటలు తీయు పద్ధతి యిదియే కదా! నూఱేండ్లకు పైబడిన యీ యుపాయమును నేటిదనుకొనువారు పెక్కండ్రు.

లోపమును చెప్పకుండుట న్యాయము గాదు. పళ్లెము నాలుగు నిమిషములకు మించి పాడదు; నాలుగు నిమిషములనగా రెండువందల నలువది అడుగుల ఫిల్ము. కథ చెప్పుటకు అది చాలునా? ఫిల్ము తెగి, నాలుగు బొమ్మలు కత్తిరించి యతికినచో, ఆ పైన పాట ఒకచోట, పెదవి ఒకచోట.

ఈ యంత్రము వెల 30,000 రూపాయలు. ఆ వెల యెంతటిదో నేటి నోట్లతో పోల్చిన తెలియదు. అప్పుడు ఇంగ్లీషు సవరను వెల సరిగ పదునైదు రూపాయలు. అనగా రెండువేల సవరనులు. ఇంచుమించు పదునాఱు కిలోల బంగారము. చిలకలపూడివారికి బంగారపు తూకము మేము చెప్పనేల? అదియు మన యూరి పూతసరుకు గాదు, ఇరువదిరెండు వన్నెల నాణెము. వెంకయ్యగారియొద్ద అంత రొక్క మెక్కడిది? ఇరువది యేండ్ల కష్టార్జితమైన స్టూడియోను తాకట్టుపెట్టి యాయన ఆ యంత్రమును కొనిరి. నిర్మాత వృత్తియొక్క మూలతత్త్వము ఈ ఒక్క పనిలో కలదు. చేత నున్నదానిని, ఇంకను లేనిదానికై పణముగ పెట్టుట. దీనిని సాహస మనవలెనో, దుడుకుతన మనవలెనో ఫలితము వచ్చినగాని లోకము తేల్చదు. కుటుంబ మున్నవాడు ఇట్లు చేయదగునా యని మా సహోపాధ్యాయు లొకరు వాదించిరి. ఆ వాదమునకు మాకు దొరికిన సమాధానము ఒక్కటే: ఆయన తెలియని సరుకుపై సొమ్ము పెట్టలేదు. వెలుగును, కటకమును, రసాయనములను ఇరువది యేండ్లు చేపట్టిన చేతులవి.

1910లో విక్టోరియా పబ్లికు హాలునందు ఆయన తన ప్రదర్శనములను ప్రారంభించిరి. తరువాత గుడారము వేసికొని దేశసంచారమునకు వెడలిరి. బెంగుళూరు, బెజవాడ మొదలగు నగరములు చూచి, సింహళమునకును, బర్మాదేశమున రంగూను, పెగూ పట్టణములకును పోయిరి. మన కోస్తాజిల్లాల నుండి కూలికిని, కొలువునకును రంగూను పోయినవారు ఆ రోజులలో వేలకొలది. గుడారపు సినీమా యనగా గుడ్డ, గుంజ, తెఱ మాత్రమే గాదు. ఊరిలో విద్యుచ్ఛక్తి లేదు గనుక నూనెయింజను, డైనమో వెంట నుండవలెను. బొగ్గుకడ్డీల నడుమ మండు దీపమే వెలుగు. ఫిల్మో, నాటి నైట్రేటు ఫిల్ము. అగ్గి సోకిన గుప్పున మండును, నీళ్లు పోసినను ఆరదు. ఇంతటి సామాను ఓడల కెక్కించి, దింపి, పరదేశములలో వేయించి, తీయించి తిరుగుట యెట్టి శ్రమయో గ్రహింపవలయును.

ఈ తిరుగుడు సినీమాలో వెంకయ్యగారే మొదటివారని చెప్పుట పొరపాటు. తిరుచినాపల్లి రైల్వేలో కొలువు చేసిన స్వామికన్ను విన్సెంటుగారు 1905లోనే ఫ్రెంచివారి యొద్ద యంత్రము కొని దక్షిణదేశమున గుడారము వేసి చూపించిరి. అభిమానమువలన ఒకరి కీర్తిని మఱియొకరికి కట్టబెట్టుట చరిత్రము గాదు. శబ్దముతో కూడిన చిత్రమును నమ్మి సర్వస్వము నొడ్డుటలో మాత్రము వెంకయ్యగారు ముందున్నారు. మన దేశమున తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చిలో గాని వెలువడలేదు. ఇరువది రెండేండ్లకు ముందే బందరువాస్తవ్యు డొకడు మాట్లాడు బొమ్మపై అప్పు చేసియుండెను.

గుడారము గాలికి లేచును, వానకు తడియును. ఇక స్థిరమైన శాల కావలెనని తలచి వెంకయ్యగారు చెన్నపట్టణమున మౌంటురోడ్డు చెంత గెయిటీ అను సినీమాహాలును కట్టించిరి. 1914 నాటికి అది నడచుచుండెను. ఆ నగరమున భారతీయుడు యజమానిగ కట్టిన తొలి సినీమాశాల యిదియే. పిమ్మట మింటువీథిలో క్రౌను, పురసవాకమున గ్లోబు అను మఱి రెండు శాలలు లేచెను. వీనిలో ముఖ్యముగ ఆడినవి అమెరికా, ఇంగ్లండు దేశపు మూకీలు.

స్థిరమైన యాదాయమునకు మూడు శాలలు చాలును గదా! అయినను అంగడివాడు రైతు కాదలచెను. బొంబాయి రాష్ట్రమున ఫాల్కేగారు 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను తీసి చూపిరి. చెన్నపట్టణముననే నటరాజ మొదలియారుగారు ‘కీచకవధము’ తీసిరి. మన పురాణకథలను మన జనులకు చూపవచ్చునని ఋజువయ్యెను. వెంకయ్యగారు అప్పుడు చేసిన పని మాకు మిక్కిలి నచ్చినది. 1901లో పుట్టిన తన కుమారుడు సూర్యప్రకాశును చిత్రనిర్మాణ విద్య నేర్చుటకు ఇంగ్లండునకు పంపిరి. ప్రకాశుగారు లండను సమీపమున ఈలింగునందు బార్కరు కంపెనీలో ఆ విద్య నభ్యసించిరి. సీమకు పోయిన మన బిడ్డలు ప్లీడరులుగనో, దొరతనమువారి యుద్యోగులుగనో తిరిగిరావలెనని తండ్రులు కోరు కాలమున, కొడుకును బొమ్మల పనికై సముద్రము దాటించిన తండ్రి యెందఱిలో నొకడు?

1919వ సంవత్సరమున తండ్రీకొడుకులు ‘స్టారు ఆఫ్ ది ఈస్టు’ అను పేర నిర్మాణసంస్థను నెలకొల్పిరి. దాని స్టూడియో గాజుతో కట్టబడినది. గాజేల యని విద్యార్థు లడుగుదురు. అప్పటి ఫిల్మునకు పగటివెలుగంతటి వెలుగు కావలెను. మఱి పైకప్పు, గోడలు గాజైనచో ఎండ లోపలికి వచ్చును, గాలి దుమారము రాదు. ఎండ తీక్షణమైన పలుచని గుడ్డలు పైన పఱచి నీడను మెత్తజేసెడివారు. మబ్బు పట్టిన దినమున పని ఆగును, జీతములు మాత్రము ఆగవు. నాటి ఫిల్మునకు ఎఱుపు కనబడక నల్లగ పడును గనుక నటుల మొగములకు వేయు రంగులును, దుస్తుల రంగులును దానినిబట్టి యేర్చవలసి యుండెను.

ఆ గాజుశాలనుండి 1921లో వెలువడినది ‘భీష్మప్రతిజ్ఞ’. దర్శకుడు ప్రకాశుగారు, భీష్ముని వేషమును వారే ధరించిరి. గంగ పాత్రమును పెగ్గీ కాస్టెల్లో అను ఆంగ్లవనిత పోషించెను. మనవారిలో స్త్రీ లేకపోయిరా యని నేటి బాలిక లాశ్చర్యపడుదురు. ఆ కాలమున గౌరవకుటుంబముల స్త్రీలు కెమేరా యెదుటికి రాలేదు. ఫాల్కేగారికి స్త్రీపాత్రమునకు మగవాడే గతి యయ్యెను. మీసము తీయించిన పురుషునికంటె పరదేశపు స్త్రీ మేలని వీరు తలచిరి కాబోలు. మూకీలో ఆమె యే భాష మాటలాడిన నేమి?

భాషమాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. ‘భీష్మప్రతిజ్ఞ’ను తొలి తెలుగుచిత్ర మందురు. కాని మూకికి భాష యెక్కడిది? నడుమ నడుమ వ్రాతపలకలు చూపుదురు. చదువురాని వారికి తెఱప్రక్కన ఒకడు నిలిచి కథ చెప్పును. పలకలు మార్చిన అదే చిత్రము అరవదేశమునను, కన్నడదేశమునను ఆడును. తీసినవారు తెలుగువారగుటచే తెలుగుచిత్రమనుట వాడుకయైనది. ఆ వాడుకలో తప్పు లేదని మా యభిప్రాయము.

1921 మన ప్రాంతమునకు చిత్రమైన సంవత్సరము. భట్లపెనుమఱ్ఱున పుట్టిన పింగళి వెంకయ్యగారు బెజవాడ కాంగ్రెసు సభలలో గాంధీమహాత్మునికి జెండా నమూనాను సమర్పించినది ఆ యేడే. బెజవాడలో మారుతీ సినీమాహాలు తెఱవబడినదియు ఆ యేడే. విద్యార్థులు పరీక్షపత్రములలో ఇద్దఱు వెంకయ్యగారులను ఒకరుగ కలిపివేయుట మేము చూచియున్నాము. జెండా వెంకయ్యగారు వేఱు, సినీమా వెంకయ్యగారు వేఱు.

తరువాత ‘మత్స్యావతారము’, ‘నందనారు’, ‘గజేంద్రమోక్షము’ మొదలగు చిత్రములు తీసిరి. కాని పెట్టుబడికి తగిన రాబడి రాలేదు. కారణమును లెక్కగ గ్రహింపవలెను. అమెరికా చిత్రము తన దేశముననే ఖర్చు రాబట్టుకొని యిచ్చటికి వచ్చును. ఎంత స్వల్పమైన అద్దెకిచ్చినను వానికి లాభమే. మన చిత్రము మొదటి కాసు మొదలుకొని కడపటి కాసు వఱకు ఇచ్చటి శాలలలోనే సంపాదింపవలెను. ఆ శాలలు నాడు కొలది. 1927, 28 సంవత్సరములలో రంగాచారిగారి అధ్యక్షతన దొరతనమువారు నియమించిన సంఘము విచారించినప్పుడు కూడ, దేశమున ఆడు చిత్రములలో అధికభాగము విదేశములవే యని తేలెను. ఒకే సంతలో పొరుగుదేశపు చౌకధాన్యము పోసినప్పుడు మన రైతు గతి యేమగునో వెంకయ్యగారి గతియు నట్లే యయ్యెను. స్టూడియో నిలువలేదు. ప్రకాశుగారు 1926లో గారంటీ పిక్చర్సును స్థాపించి మరల ప్రయత్నించిరి. అదియు నాలుగు కాలములు నిలువలేదు. 1929లో ఏ. నారాయణన్‌గారు జనరలు పిక్చర్సు కార్పొరేషనును నెలకొల్పగా అందు దర్శకులై పనిచేసిరి. 1956లో వారు కాలధర్మము నొందిరి.

వెంకయ్యగారు 1941 మార్చి 15వ తేదీన, డెబ్బదిరెండవ యేట, చెన్నపట్టణమున పరమపదించిరి. ‘భీష్మప్రతిజ్ఞ’ ఒక్క అడుగైనను నేడు మిగిలి లేదు. మన దేశమున వేయికి మించి మూకీలు తీయగా కొలదియే దక్కెను. నైట్రేటు ఫిల్ము వేడికిని, తేమకును జిగురుకట్టి పొడియగును. పాత ఫిల్మును కరగించి వెండిని తీసి యమ్ముకొనుటయు వాడుకగ నుండెను. చిత్రములను భద్రపఱచు జాతీయ భాండాగారము పూనాలో 1964న గాని యేర్పడలేదు. అప్పటికి ప్రకాశుగారు పోయి ఎనిమిదేండ్లు.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1980లో రఘుపతి వెంకయ్యగారి పేర బహుమానమొకటి నెలకొల్పి, సినీమాకు జీవితమంతయు సేవచేసినవారి కిచ్చుట ప్రారంభించెను. దానిని మొదట పొందినవారు ఏలూరు ప్రాంతమువారైన ఎల్. వి. ప్రసాదుగారు. ‘ఆలం ఆరా’, అరవమాటల ‘కాళిదాసు’, తెలుగు ‘భక్తప్రహ్లాద’ అను మూడు తొలి టాకీలలోను ఆయన వేషము వేసియుండిరి. హైదరాబాదు ఫిలింనగరమున వెంకయ్యగారి విగ్రహమును నిలిపినారు.

ఆ గాజుశాలలో పని నేర్చినవారిలో ఇద్దఱను చెప్పవలెను. ఒకరు నెల్లూరివారైన వై. వి. రావుగారు; వీరు తీసిన అరవపు ‘చింతామణి’ 1937లో విశేషముగ నాడెను. రెండవవారు కాకినాడ చిత్తజల్లు పుల్లయ్యగారు. వీరు 1933లో ‘సావిత్రి’ని, 1934లో ‘లవకుశ’ను కలకత్తాలో తీయగా తెలుగుపల్లెల జనము బండ్లు కట్టుకొని వచ్చి చూచిరి. అప్పటికి వెంకయ్యగారు జీవించియే యున్నారు. ఆ ‘లవకుశ’నే పుల్లయ్యగారు మరల రంగులలో మొదలుపెట్టిరి. ఆరోగ్యము చెడి నడుమ విరమింపగా కుమారుడు సి. ఎస్. రావుగారు పూర్తిచేసి 1963లో విడుదల చేసిరి.